కీమో డేట్ రాసేలోపే పిల్లల సంగతి అడగండి

మా తమ్ముడికి 23 ఏళ్లప్పుడు లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. డాక్టరుగారు ఫైలు అట్ట మీద కీమో తేదీ ఎర్ర పెన్నుతో రాసి, చుట్టూ గుండ్రంగా గీసి, "ముందు ప్రాణం చూద్దాం" అన్నారు. కీమో వల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చన్న మాట ఆయన ఎత్తలేదు, పక్కన నాన్న కూర్చున్నారని వాడూ ఎత్తలేదు. మూడో కీమోకి వెళ్లినప్పుడు పక్క మంచం అబ్బాయి చెబితే తెలిసింది, వీర్యం ముందే దాచుకోవచ్చని.

ఓపీలో డాక్టర్లకు ఒక్కో రోగి దగ్గర దొరికేది కొద్ది నిమిషాలు. దానికితోడు పెళ్లికాని పిల్లలతో ఈ మాట ఎలా అనాలన్న మొహమాటం, ఇద్దరు పిల్లలున్నారుగా అన్న లెక్క, ఖర్చు పెట్టుకోలేరేమో అన్న అనుమానం, వైద్యం ఆలస్యమవుతుందన్న భయం. భయం అర్థం చేసుకోగలను కానీ, మిగతావి మనల్ని అడగకుండా వాళ్లు తేల్చేసేవి కావు. చికిత్సకు ముందే ఈ సంగతి రోగితో మాట్లాడాలని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2006లోనే డాక్టర్లకు చెప్పింది.

కాబట్టి మీరే అడగండి. రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: "ఈ మందుల వల్ల నాకు పిల్లలు పుట్టకపోయే ప్రమాదం ఎంత? మొదలుపెట్టే ముందు ఎన్ని రోజులు ఆగొచ్చు?" అమ్మానాన్నల ముందు ఇబ్బందైతే, "సర్, ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి" అనండి. "తర్వాత చూద్దాం" అంటే ఊరుకోవద్దు, జబ్బు పేరు, ఇవ్వబోయే మందులు, కీమో తేదీ రాసి ఫెర్టిలిటీ డాక్టరుకు లెటర్ ఇమ్మని అడిగి, వీలైతే ఆ రోజే వెళ్లండి.

మగవాళ్లకు వీర్యం దాచడం ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, కానీ మొదటి కీమోకి ముందే ఇవ్వాలి. ఆడవాళ్లకు అండాలు తీయాలంటే దాదాపు రెండు వారాలు ఇంజెక్షన్లు చేయించుకోవాలి, అయితే నెలసరి వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. రొమ్ము క్యాన్సరైతే ఈస్ట్రోజన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తారు, ఆ సంగతి గుర్తుచేయండి. అక్యూట్ లుకేమియాలో, అంటే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్‌లో, సాధారణంగా అంత టైమ్ ఉండదు. పొత్తికడుపుకి రేడియేషన్ ఉంటే అండాశయాల్ని పక్కకు జరపడం కుదురుతుందా అని అడగాలి, రజస్వల కాని ఆడపిల్ల అయితే అండాశయ కణజాలం దాచే సంగతి అడగాలి. అండాశయాల్ని నిద్రపుచ్చే నెలవారీ ఇంజెక్షన్ ఒక్కటే చాలంటే ఒప్పుకోకండి, అది అండాలు దాచడానికి బదులు కాదు.

డబ్బు దగ్గర తీసే ఖర్చు వేరు, దాచినందుకు ఏటా కట్టేది వేరు, రెండూ విడివిడిగా రాయించుకోండి. సంతకం పెట్టే ఫారంలో, మనిషి లేకపోతే దాచినవి ఏం చేయాలన్న ప్రశ్న కూడా ఉంటుంది. చదవగానే చేయి ఆగిపోతుంది, తోడుగా ఒకర్ని తీసుకెళ్లండి.

కీమో ఇప్పటికే మొదలైపోయినా అడగడం మానొద్దు. కొందరికి చికిత్స అయ్యాక మళ్లీ మామూలవుతుంది, అందుకే ఎప్పుడు, ఏ పరీక్ష చేయించుకోవాలో ఫైల్లో రాయించుకోండి. మా తమ్ముడి ఫైల్లో ఆ తేదీ నేనే దగ్గరుండి రాయించాను.