దీవికి దారి, నాలుగో పాఠం: మజిలీ ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో, మీ ఊరి నుంచి అండమాన్‌లోని నీల్ దీవికి వెళ్ళి వచ్చే ప్లాన్ రాయమన్నాను. చాలామంది రాసి పంపారు. అన్నీ చదివాను. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం దాకా అందరి ప్లానూ చక్కగా నడిచింది. అక్కడి నుంచి దీవికి వెళ్ళే ముక్క దగ్గరే దాదాపు అందరూ తడబడ్డారు. ఈసారి ఖర్చుల లెక్క చెప్తానన్నాను గానీ అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మజిలీ తప్పు చోట పెడితే ఖర్చుల లెక్క ఎంత బాగా వేసినా మళ్ళీ మొదటికి వస్తుంది.

మనం వెళ్తున్నది నీల్ దీవికి. 2018 డిసెంబర్ నుంచి దాని పేరు షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అయింది. టికెట్లు కొనేటప్పుడు ఒకచోట పాత పేరు, ఇంకోచోట కొత్త పేరు కనిపించవచ్చు, కంగారు పడకండి. అందరికీ అలవాటైనవని ఇక్కడ పాత పేర్లే వాడుతున్నాను.

టెక్కలి నుంచి ఒక మాస్టారు పంపిన ప్లాన్ చూడండి. ఆమదాలవలసలో రైలు, మర్నాడు చెన్నై, ఆ మర్నాడు విమానం, మధ్యాహ్నం ఒకటిన్నరకి పోర్ట్ బ్లెయిర్. ఆ తర్వాత ‘అక్కడి నుంచి పడవ’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏ పడవ? ఎన్నింటికి? విమానం దిగి, సామాను తీసుకుని, ఊళ్ళోకి వచ్చి జెట్టీ చేరేసరికి మూడు అవుతుంది. పడవ వాళ్ళు గంట ముందే రమ్మంటారు. చీకటి పడ్డాక ఈ పడవలు నడవవు. ఆ రోజు ఆయన నీల్ చేరరు. అక్కడ గదికి కట్టిన డబ్బులు పోతాయి, పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం పూట ఇంకో గది వెతుక్కోవాలి.

చీపురుపల్లి దంపతులు వెళ్ళేటప్పుడు అంతా బాగానే రాశారు. చెన్నైలో చుట్టాలింట్లో రెండు రోజులు ఆగుతామన్నారు, అదీ బాగుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం పొద్దున నీల్‌లో పడవ, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం అని పెట్టారు. ఆ పొద్దున సముద్రం పోటెత్తి పడవ ఆపేస్తే విమానం ఆగదు కదా.

ఇద్దరూ ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టి ముందుకు రాసుకుంటూ వెళ్ళారు. దీవి ప్రయాణం అలా రాయకూడదు. పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నాకే పందిరి ఎప్పుడు, పసుపు దంచేది ఎప్పుడు అని వెనక్కి లెక్కేసుకుంటాం. ఇదీ అంతే. నీల్ జెట్టీలో కాలు పెట్టే రోజు ముందు రాయండి. దాని పైన, ఆ రోజు మిమ్మల్ని అక్కడ దింపే పడవ. దాని పైన, ఆ పడవకి ముందు రాత్రి పడుకునే ఊరు. దాని పైన విమానం. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ మీ ఊరి బస్టాండ్ దాకా రండి.

మరి ఎక్కడ ఆగాలి? ప్రతి బండి దగ్గరా ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? పలాస నుంచి విశాఖ రైలు తప్పితే కాసేపట్లో ఇంకోటో, లేదంటే బస్సో దొరుకుతుంది. అక్కడ మజిలీ అక్కర్లేదు. చెన్నైలో పోర్ట్ బ్లెయిర్ విమానం తప్పితే చాలాసార్లు మర్నాడే, అదీ కొత్త టికెట్ కొనుక్కుని. నీల్ పడవ తప్పితే మర్నాడు పొద్దున, అదీ సీటు ఉంటే. కాబట్టి విమానానికి ముందు ఒక రాత్రి, పడవకి ముందు ఒక రాత్రి. మిగతా చోట్ల ఆగాలనిపిస్తే సరదాకి ఆగండి.

పొద్దున్నే దిగే విమానం పట్టుకుని అదే రోజు మధ్యాహ్నం పడవ ఎక్కేవాళ్ళు ఉన్నారు. కుదురుతుంది కూడా. ముసలివాళ్ళు, పిల్లలు వెంట ఉంటే నేను మాత్రం వద్దంటాను.

చెన్నైలో ఆగాలా, కోల్‌కతాలోనా అని చాలామంది అడిగారు. విజయనగరం నుంచి రైలు దారిలో హౌరా, చెన్నై రెండూ 800 కిలోమీటర్లు దాటి ఇంచుమించు ఒకే దూరం. ఆమదాలవలస, పలాస, ఇచ్ఛాపురం వాళ్ళకి హౌరాయే దగ్గర. అయినా మనవాళ్ళంతా అలవాటుగా చెన్నై అంటారు. అందులో ఒక సుఖం ఉన్న మాట నిజమే: సెంట్రల్ స్టేషన్ నుంచి విమానాశ్రయానికి నేరుగా మెట్రో ఉంది. కోల్‌కతాలో కూడా 2025 ఆగస్టు నుంచి హౌరాలో మెట్రో ఎక్కి విమానాశ్రయం దాకా వెళ్ళొచ్చు, కాకపోతే మధ్యలో రెండుసార్లు మారాలి. నాకు కోల్‌కతాయే ఇష్టం, దాన్ని చూడటానికే ఒక రోజు ఎక్కువ ఉంటాను. పెద్ద సామాను ఉంటే చెన్నై. ఏ ఊరైనా, తెల్లవారుజాము విమానానికి మెట్రోని నమ్ముకోకండి, ఆ వేళకి అది ఇంకా మొదలవదు.

విశాఖ నుంచే విమానం ఎక్కేవాళ్ళు చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ దాకా ఒకే టికెట్ కొనండి. రెండు వేర్వేరు టికెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదానికి ఎవరూ పూచీ పడరు. విశాఖ అని ఉన్నచోట పాత విమానాశ్రయమా, భోగాపురంలోని కొత్తదా అన్నది టికెట్ మీద చదివి చూసుకోండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ కూడా ఉంది. ఇంచుమించు నెలకోసారి, సముద్రం మీద రెండు మూడు రోజులు. అది వేరే లెక్క, ఇంకో పాఠంలో చూద్దాం.

ఇప్పుడు అసలు విషయం. పంపిన ప్లాన్లలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అర్ధరాత్రి తేదీ. మొదటి పాఠంలో చెప్పాను, రెండో పాఠంలో చెప్పాను. మళ్ళీ చెప్తున్నాను, ఈసారి పెన్సిల్ పట్టుకుని చదవండి.

మన ఇళ్ళలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. శనివారం రాత్రి ఒంటి గంటైనా మనకది శనివారం రాత్రే. రైల్వే వాళ్ళకి 12 దాటగానే ఆదివారం. టికెట్ మీద 15వ తేదీ, ఆదివారం, 00.40 అని ఉందనుకోండి. మీరు 14వ తేదీ శనివారం రాత్రి భోంచేసి స్టేషన్‌కి బయల్దేరాలి. ఆదివారం రాత్రి భోంచేసి వెళ్తే ఆ రైలు వెళ్ళిపోయి దాదాపు ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. పంపినవాళ్ళలో నలుగురైదుగురు ఆదివారం రాత్రే బయల్దేరుతున్నారు.

గది దగ్గర ఇదే తప్పు తిరగబడుతుంది. మీ రైలు 16వ తేదీ తెల్లవారుజామున రెండింటికి చెన్నై చేరుతుంది. చేరేది 16న కదా అని గది 16కి తీసుకుంటారు. హోటల్ వాళ్ళ లెక్కలో 16 అంటే ఆ మధ్యాహ్నం నుంచి. రాత్రి రెండింటికి తలుపు తట్టితే గది లేదంటారు, వాళ్ళని అనడానికి లేదు. మీకు కావలసింది 15వ తేదీ రాత్రి. గది 15కి తీసుకుని, చేరేది అర్ధరాత్రి దాటాక అని ఫోన్ చేసి చెప్పండి. చెప్పకపోతే మీరు రారనుకుని వేరేవాళ్ళకి ఇచ్చేసే ప్రమాదం ఉంది.

విమానం దగ్గర ఇంకో రకం. 17వ తేదీ ఉదయం 4.50కి విమానం. 16వ తేదీ రాత్రికి గది కావాలా? రెండు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలంటే రెండింటికల్లా గది వదలాలి. అంటే సాయంత్రం ఏడింటికి తినేసి ఎనిమిదింటికి పడుకునేవాళ్ళకే ఆ గది పనికొస్తుంది. పది దాకా బజారులో తిరిగేవాళ్ళకి అది దండగ.

తత్కాల్‌లోనూ ఇదే ఉచ్చు. తత్కాల్ టికెట్లు ఒక రోజు ముందు ఇస్తారని అందరికీ తెలుసు. దేనికి ఒక రోజు ముందు? మీరు ఎక్కే రోజుకి కాదు, రైలు తన మొదటి స్టేషన్‌లో కదిలే రోజుకి. హౌరాలో 14 రాత్రి కదిలిన రైలు మన దగ్గరికి 15 మధ్యాహ్నం వస్తే, తత్కాల్ తెరిచేది 13న. ఏసీకి పదింటికి, మిగతావాటికి పదకొండింటికి. 14న కూర్చునేవాళ్ళకి మిగిలేది వెయిటింగ్ లిస్టే. మామూలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు గనుక తత్కాల్ దాకా రాకుండా చూసుకోవడం మేలు.

దీనికి నేను పాటించే పద్ధతి చెప్తాను. రాత్రి 12కీ పొద్దున 6కీ మధ్య జరిగే ఏ పనికైనా ఒక వారం పేరు రాయను, రెండూ రాస్తాను. ‘శని-ఆది మధ్య రాత్రి, 00.40.’ ఇంట్లో అందరికీ అలాగే చెప్తాను, ఆటో అబ్బాయికి కూడా. ఒక్క పేరు చెప్తే వినేవాళ్ళు తమకి తోచిన రోజు అనుకుంటారు.

పోర్ట్ బ్లెయిర్ మజిలీ సంగతి. చాలామంది గది విమానాశ్రయం దగ్గర తీసుకున్నారు. జెట్టీ వైపు, అబెర్డీన్ బజార్ చుట్టుపక్కల తీసుకోండి, మర్నాడు పొద్దున టెన్షన్ ఉండదు. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటువి హాడో నుంచి బయల్దేరతాయి. మీ టికెట్ మీద ఏ జెట్టీ ఉందో ముందు రోజే చూసుకోండి.

అక్కడ పొద్దు చాలా త్వరగా వాలుతుంది. గడియారం మన గడియారమే, సూర్యుడే ముందు. అండమాన్ మనకి తూర్పున తొమ్మిది డిగ్రీల దూరంలో ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున శ్రీకాకుళం కన్నా అరగంట పైనే ముందుంటుంది. చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. అందుకే మజిలీ రోజున సెల్యులార్ జైలు ముందు చూడండి. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ జైలు గదులు పగటి వెలుగులో చూడాలి, లోపల నిలబడి ఆ ఎత్తున ఉన్న చిన్న కిటికీ చూడాలి. హడావిడిగా పావుగంటలో తిరిగొచ్చే చోటు కాదది.

సాయంత్రం జంగ్లీఘాట్ వైపు వెళ్ళండి. మన తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. 2011 జనగణనలో అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మంది తెలుగు తమ మాతృభాష అని చెప్పారు. దారి అడగడానికి హిందీ కోసం తడుముకోనక్కర్లేదు, తెలుగులో అడిగి చూడండి.

తిరుగు ప్రయాణంలో నియమం ఒక్కటే: విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వెళ్ళేవాళ్ళు ఇంకో రోజు అదనంగా పెట్టుకోండి. హుద్‌హుద్ తుఫాను అండమాన్ సముద్రం దగ్గర పుట్టి 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ కాలంలో వాయుగుండం పడితే అక్కడ పడవలు ఆపేయవచ్చు, అది ముదిరితే ఇక్కడ రైళ్ళు కూడా ఆగవచ్చు. రెండు వైపులా చిక్కుకోకండి. విజయనగరం వాళ్ళు దసరా తర్వాత వచ్చే మంగళవారం కూడా చూసుకోండి. సిరిమానోత్సవం రోజున స్టేషన్‌కి చేరడమే ఒక ప్రయాణం. నన్నడిగితే పండగ చూసుకుని బుధవారం బయల్దేరండి.

ఈసారి పని పెద్దది, పది రోజులు తీసుకోండి. నీల్ జెట్టీ నుంచి మొదలుపెట్టి మీ ఊరి బస్టాండ్ దాకా వెనక్కి రాయండి, తర్వాత తిరుగు ప్రయాణం రాయండి. ప్రతి బండి పక్కనా తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో వెతికి రాయాలి, ఊహించి రాయొద్దు. అర్ధరాత్రి దాటిన చోటల్లా రెండు వారాల పేర్లు ఉండాలి. అది అయ్యాక తిరుగు రోజున పడవ రద్దయిందనుకుని మొత్తం మళ్ళీ రాయండి. ఓపిక ఉన్నవాళ్ళు లక్షద్వీప్‌లోని అగట్టికి కూడా ఇదే చేసి చూడండి. అక్కడికి కొచ్చి నుంచి విమానం, ఓడ ఉన్నాయి. ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి గనుక మీ కాగితంలో అన్నిటికన్నా పైన వచ్చేది బస్సు కాదు, ఆ దరఖాస్తు.