ఆన్‌సైట్‌కి పంపిన ఉద్యోగి పీఎఫ్: కంపెనీ ఎప్పుడు ఏం చేయాలి

ఉద్యోగి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన రెండు మూడు నెలలకు అక్కడి పేరోల్ ఏజెన్సీ నుంచి మెయిల్ వస్తుంది. పింఛను బీమా కింద జీతంలో 18.6 శాతం కట్టాలి, సగం ఉద్యోగి వాటా, సగం కంపెనీ వాటా అని. ఇక్కడ హైదరాబాద్ పేరోల్‌లో పీఎఫ్ ఎటూ నడుస్తూనే ఉంది. అంటే ఒకే మనిషికి రెండు దేశాల్లో కట్టుబడి. అది రాకుండా ఆపే కాగితం ఒకటి ఉంది, దాని పేరు సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్. ఈ ఉద్యోగి భారత్‌లో పీఎఫ్ కడుతున్నాడని ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే పత్రమిది. పేరోల్ వాళ్ల వాడుకలో సీఓసీ. వీసా పనులు మొదలుపెట్టిన రోజే దీని పనీ మొదలుపెట్టాలి. చాలా కంపెనీల్లో వీసా టీమ్‌కి పీఎఫ్ సంగతి తెలియదు, పీఎఫ్ చూసేవాళ్లకి ఎవరు ఎప్పుడు విమానం ఎక్కుతున్నారో తెలియదు. తప్పులు ఎక్కువగా ఈ రెండు టీముల మధ్య ఖాళీలోనే పుడతాయి.

పంపుతున్నారా, బదిలీ చేస్తున్నారా?

ముందు ఇది తేలాలి. ఉద్యోగి భారత కంపెనీ ఉద్యోగిగానే ఉండి కొంతకాలం విదేశంలో పనిచేస్తే అది డిప్యుటేషన్. ఇక్కడి పీఎఫ్ బాధ్యత కొనసాగుతుంది, సీఓసీకి అర్హత ఉంటుంది. అక్కడి అనుబంధ సంస్థతో కొత్త ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇక్కడ రాజీనామా చేసి వెళ్తే అది బదిలీ. అప్పుడు అతను అక్కడి యజమాని మనిషి. ఇక్కడ ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ వేయాలి, సీఓసీ మాటే ఉండదు.

వీసా రకం కూడా ఇందులో సాక్ష్యమే. జర్మనీకి ఐసీటీ కార్డు (కంపెనీ తన విదేశీ శాఖకు మనుషుల్ని పంపేందుకు ఇచ్చే పర్మిట్) మీద వెళ్లినవాళ్లు భారత కంపెనీ ఉద్యోగులుగానే ఉంటారు. ఈయూ బ్లూ కార్డుకు జర్మనీ యజమానితో ఉద్యోగ ఒప్పందం కావాలి. బ్లూ కార్డు తీసుకుని, మళ్లీ ఈపీఎఫ్‌ఓ దగ్గర డిప్యుటేషన్ అని సీఓసీ అడిగితే రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. అక్కడ తనిఖీ జరిగిన రోజు ఇబ్బంది పడేది కంపెనీయే.

డిప్యుటేషన్ లెటర్‌లో ఇవి విడివిడిగా రాయండి: యజమాని ఎవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ దేశం, ఏ కార్యాలయం, భారత జీతం ఎంత, పీఎఫ్ ఏ మొత్తం మీద, అక్కడిచ్చే అలవెన్సు ఎంత, విదేశీ పింఛనులో ఉద్యోగి వాటా కట్టాల్సివస్తే ఎవరు భరిస్తారు. చివరి అంశం రాయకుండా పంపితే తర్వాత గొడవ ఖాయం.

దేశాన్ని బట్టి లెక్క

భారత్‌తో సామాజిక భద్రతా ఒప్పందం (ఒకే ఉద్యోగికి రెండు దేశాల్లోనూ పింఛను చందా పడకుండా చేసుకునే ఒప్పందం) అమల్లో ఉన్న దేశాలకే సీఓసీ పనికొస్తుంది. బెల్జియంతో 2009 సెప్టెంబర్‌లో మొదలైన వరుసలో జర్మనీ, స్విట్జర్లాండ్, డెన్మార్క్, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, దక్షిణ కొరియా, నెదర్లాండ్స్, హంగరీ, ఫిన్లాండ్, స్వీడన్, చెక్ రిపబ్లిక్, నార్వే, ఆస్ట్రియా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్, పోర్చుగల్, బ్రెజిల్ ఉన్నాయి. కెనడాలో క్యూబెక్ ప్రావిన్సుకు పింఛను వ్యవస్థ వేరు, ఒప్పందమూ వేరు. క్యూబెక్‌లోని మాంట్రియల్ వెళ్లేవాళ్లకు ఫారంలో కెనడా అని పెట్టేసి ఊరుకోకండి.

సీఓసీతో అక్కడి చందా తప్పే గడువు చాలా ఒప్పందాల్లో 60 నెలలు. స్వీడన్‌కు 24, స్విట్జర్లాండ్‌కు 72. జర్మనీకి 48 నెలలు, ఆపైన అనుమతి దొరికితే మరో 12. ఒప్పందం మీద సంతకాలు అయ్యాయన్న వార్త చూసి దరఖాస్తు చేస్తే లాభం లేదు. అమల్లోకి వచ్చిన తేదీ నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది.

సీఓసీ మినహాయించేది ఒప్పందంలో ఉన్న పథకాలనే. జపాన్‌తో ఒప్పందం పింఛనుకు మాత్రమే, కాబట్టి ఆరోగ్య బీమా అక్కడ విడిగా ఉండాల్సిందే. అయినా సీఓసీతో ఆదా అయ్యేది తక్కువేమీ కాదు. జపాన్ ఉద్యోగుల పింఛను 18.3 శాతం, చెరి సగం. ఆస్ట్రేలియాలో సూపరాన్యుయేషన్ (అక్కడి రిటైర్మెంట్ నిధి) 2025 జులై 1 నుంచి 12 శాతం, అదంతా యజమాని జేబులోంచే.

సీఓసీ తీసుకునే పద్ధతి

మొదట చూడాల్సింది ఉద్యోగి అసలు పీఎఫ్ సభ్యుడేనా అని. ఉద్యోగంలో చేరినప్పుడే పీఎఫ్ జీతం (బేసిక్, డీఏ కలిపి) 15,000 దాటి ఉండి, అంతకుముందు సభ్యత్వం లేకపోతే, పీఎఫ్ వద్దనుకుని మినహాయింపులో ఉన్నవాళ్లు ఐటీ కంపెనీల్లో కనిపిస్తారు. సభ్యత్వం లేనివాళ్లకు సీఓసీ రాదు. వాళ్లను పీఎఫ్ పథకంలోని పేరా 26(6) కింద యజమాని, ఉద్యోగి ఉమ్మడిగా కోరి ముందు సభ్యులుగా చేర్పించాలి, ఆ తర్వాతే దరఖాస్తు. సొంత పీఎఫ్ ట్రస్టు నడుపుకునే కంపెనీలకూ సర్టిఫికెట్ ఇచ్చేది ఈపీఎఫ్‌ఓనే, ట్రస్టు కాదు.

తర్వాత పేరు. మనవాళ్లకు ఇదే అసలు తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో ఉంటుంది. యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు రికార్డులో) పాత కంపెనీ హెచ్‌ఆర్ ఎలా కొడితే అలా ఉంటుంది. సర్టిఫికెట్ మీది పేరు పాస్‌పోర్టుతో కలవకపోతే విదేశీ సంస్థ దాన్ని పక్కన పెడుతుంది. అందుకే దరఖాస్తుకు ముందే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో యూఏఎన్‌లో సరిచేయించండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక దరఖాస్తు ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఇంటర్నేషనల్ వర్కర్స్ విభాగంలో ఉంటుంది. యూఏఎన్, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పీఎఫ్ కోడ్, విదేశంలో పనిచేయబోయే సంస్థ పేరు, పూర్తి చిరునామా, ప్రారంభ, ముగింపు తేదీలు నింపాలి. ఉద్యోగి సంతకం, కంపెనీ తరఫున అధీకృత వ్యక్తి సంతకం, ముద్ర పడ్డాక పాస్‌పోర్టు కాపీతో కలిపి మీ పీఎఫ్ కోడ్ ఏ ప్రాంతీయ కార్యాలయం కిందికి వస్తుందో అక్కడికి చేరాలి. బేగంపేటలో ఆఫీసు ఉన్నంత మాత్రాన కోడ్ హైదరాబాద్‌ది కానక్కర్లేదు. కేంద్ర కార్యాలయం బెంగళూరులో ఉండి కోడ్ అక్కడిదైతే ఫైలు అక్కడికే వెళ్లాలి.

తేదీల విషయంలో కక్కుర్తి పడొద్దు. ప్రాజెక్టు ఆరు నెలలే అని ఆరు నెలలకే తీసుకుంటే, పొడిగింపు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి పరుగు. డిప్యుటేషన్ లెటర్‌లో ఉన్న పూర్తి కాలానికి తీసుకోండి, ముందే తిరిగివస్తే ఆ సంగతి రాసి తెలియజేయండి. పొడిగింపు కావాలంటే గడువు ముగియకముందే అడగాలి.

సర్టిఫికెట్ వచ్చాక ఒరిజినల్ ఉద్యోగి దగ్గర, కాపీ అక్కడి పేరోల్ ఏజెన్సీ దగ్గర, ఇంకొకటి మీ ఫైల్లో ఉండాలి. ఈపీఎఫ్‌ఓ ఇచ్చింది కదా అని మీ ఫైల్లోనే దాచిపెడితే అక్కడి సంస్థకు అది లేనట్టే లెక్క.

నెల నెలా కట్టేది

సీఓసీ మీద వెళ్లిన ఉద్యోగి మామూలు భారతీయ సభ్యుడిగానే కొనసాగుతాడు. బేసిక్, డీఏ కలిపి 60,000 ఉండి, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కడుతున్న కంపెనీ లెక్క ఇది. ఉద్యోగి వాటా 12 శాతం, 7,200. కంపెనీ వాటా కూడా 7,200. అందులో 1,250 పింఛను పథకానికి, మిగతా 5,950 పీఎఫ్ ఖాతాకు. ఇవి కాక బీమాకు 75, పరిపాలనా చార్జీ 0.5 శాతం కింద 300. మొత్తం చలానా 14,775, మరుసటి నెల 15 లోపు. 2014 సెప్టెంబర్ 1 తర్వాత 15,000 మించిన జీతంతో కొత్తగా సభ్యులైనవాళ్లకు పింఛను పథకం లేదు, వాళ్లకు ఆ 7,200 మొత్తం పీఎఫ్‌లోకే. 15,000 పరిమితి మీదే కట్టే కంపెనీలకు చెరి 1,800.

విదేశంలో రోజువారీ భత్యం మీద పీఎఫ్ కట్టాలా అన్నది నిత్యం వచ్చే ప్రశ్న. అందరికీ తప్పనిసరిగా, మామూలుగా ఇచ్చే అలవెన్సు బేసిక్‌లో భాగమేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ దేశంలో ఉన్నన్నాళ్లే, అక్కడి ఖర్చుల కోసం ఇచ్చేది ఆ కోవలోకి రాదని వాదించవచ్చు, లెటర్‌లో అలా స్పష్టంగా రాసి ఉంటేనే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం మినహాయించిన అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతభత్యాల్లో సగం దాటితే, దాటినంత వరకు వేతనంలో కలుస్తుంది. ఆన్‌సైట్ భత్యం పెద్దదిగా ఉండే జీతాల్లో ఇది వెంటనే తగులుతుంది. 15,000 పరిమితి మీద కట్టేవాళ్లకు తేడా రాదు, పూర్తి బేసిక్ మీద కట్టేవాళ్లు లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఈసీఆర్‌లో (కంపెనీ నెలనెలా వేసే పీఎఫ్ రిటర్నులో) మరో తప్పు: మనిషి ఇక్కడ లేడు కదా అని జీతం సున్నా వేసి, ఎన్‌సీపీ రోజులు (జీతం, చందా లేని రోజులు) నెల మొత్తం చూపడం. భారత జీతం ఇస్తూ అలా చూపితే అది తప్పుడు రిటర్ను. పింఛను సర్వీసులో ఆ నెలలు కోత పడతాయి, పదేళ్ల అర్హత దగ్గరకొచ్చిన ఉద్యోగికి నష్టం నేరుగా తగులుతుంది.

సీఓసీ లేకుండా పంపితే

ఒప్పందం ఉన్న దేశానికి సర్టిఫికెట్ లేకుండా పంపితే అక్కడ కట్టక తప్పదు. అంతటితో పోదు. ఆ ఒప్పందం ద్వారా అక్కడి పథకంలో ప్రయోజనానికి అర్హత వచ్చిన భారతీయుడు ఇక్కడి లెక్కలో ఇంటర్నేషనల్ వర్కర్ అవుతాడు. పీఎఫ్ పథకంలో 2008 అక్టోబర్ నుంచి ఉన్న పేరా 83 ప్రకారం ఇలాంటివాళ్లకు 15,000 పరిమితి లేదు, పూర్తి పీఎఫ్ జీతం మీద 12 శాతం కట్టాలి. కొంత ఇక్కడ, కొంత అక్కడ జీతం ఇస్తుంటే రెండూ కలిపి లెక్కవేయాలి. తిరిగొచ్చాక కూడా, పీఎఫ్ ప్రయోజనం తీసుకునేదాకా ఆ హోదా పోదు. ఇన్నాళ్లూ 1,800 కట్టిన కంపెనీ, నెలకు 2,00,000 పీఎఫ్ జీతం ఉన్న మేనేజరుకు 24,000 కట్టాల్సివస్తుంది. ఉద్యోగి వాటా ఏడాదికి 2,88,000. ఏడాదికి రెండున్నర లక్షలు దాటిన వాటాపై వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది, ఇక్కడ అది 38,000 మీద.

పేరా 83ను కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది, ఢిల్లీ హైకోర్టు 2025 నవంబర్‌లో సమర్థించింది. ఒక తీర్పు పట్టుకుని హైదరాబాద్ కంపెనీ కట్టడం మానేయడం తెలివైన పని కాదని మా అభిప్రాయం.

జపాన్‌లో ఇప్పటికే కట్టేసి ఉంటే ఉద్యోగి తిరిగొచ్చిన రెండేళ్లలోపు ఏకమొత్తం వాపసు కోరవచ్చు, కనీసం ఆరు నెలలు కట్టి ఉండాలి. 20.42 శాతం పన్ను కోసుకుని ఇస్తారు. ఆ డబ్బు తీసుకుంటే ఆ సర్వీసు కాలం పోతుంది, రేపు భారత సర్వీసుతో కలిపి పింఛను అడగడానికి ఉండదు. ఉద్యోగి వాటాను కంపెనీయే భరించి ఉంటే వాపసు డబ్బు ఎవరిది? ఖాతాలో పడేది ఉద్యోగికి. లెటర్‌లో ముందే రాయమన్నది ఇందుకే.

ఒప్పందం లేని దేశాలు

అమెరికాతో ఒప్పందం లేదు. హెచ్-1బీ, ఎల్-1 వీసాల మీద అక్కడి పేరోల్‌లో ఉన్నవాళ్లకు సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45 శాతం కోత తప్పదు, యజమానీ అంతే కట్టాలి. పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే మామూలుగా పదేళ్లు కావాలి. మూడు నాలుగేళ్లకే వెనక్కి వచ్చేవాళ్లకు ఆ డబ్బు అక్కరకు రాదు. ఇక్కడ ఉద్యోగం కొనసాగుతూ ఎంతోకొంత భారత జీతం ఇస్తున్నారంటే దాని మీద పీఎఫ్ కట్టాల్సిందే. రెండు చోట్లా కట్టుబడి పడుతుందన్నది ముందే ప్రాజెక్టు ధరలో కలుపుకోవాలి.

సింగపూర్‌లో సీపీఎఫ్ (అక్కడి పీఎఫ్ లాంటిది) పౌరులకు, శాశ్వత నివాసులకే. వర్క్ పాస్ మీద వెళ్లినవాళ్లకు ఆ బాధ లేదు, ఇక్కడి పీఎఫ్ ఒక్కటే. దుబాయ్, అబుదాబిలో భారతీయ ఉద్యోగులకు పింఛను చందా ఉండదు, దానికి బదులు సర్వీసు ముగింపు గ్రాట్యుటీ ఉంది. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. అక్కడి కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. హైదరాబాద్ నిర్మాణ సంస్థ తన మనుషులనే గల్ఫ్ ప్రాజెక్టుకు పంపితే, గల్ఫ్‌లో పీఎఫ్ లేదు కదా అని ఇక్కడిది ఆపడం కుదరదు.

ఆలస్యమైతే

15వ తేదీ దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన 2024 జూన్ నుంచి నెలకు 1 శాతం చొప్పున డ్యామేజీలు (జరిమానా). కంపెనీ వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదు. మరిచిపోయిన పాత నెలల ఉద్యోగి వాటాను కూడా ఇప్పటి జీతంలోంచి ఇష్టమొచ్చినట్టు పట్టుకోవడానికి లేదు. ఆన్‌సైట్ ఉద్యోగికి ఏడాది పీఎఫ్ తప్పిపోతే ఆ బరువు దాదాపుగా కంపెనీ మీదే పడుతుంది. జీతంలో కోసి కట్టకపోవడం మరో మెట్టు పైన, అది నమ్మకద్రోహం నేరం కిందికి వస్తుంది.

ప్రతి మూడు నెలలకోసారి వీసా టీమ్ జాబితాను, ఈసీఆర్‌ను, సీఓసీ ఫైలును పక్కపక్కన పెట్టి ఒక్కో పేరుకు మూడు గడులు నింపండి: ఇప్పుడు ఏ దేశం, సీఓసీ ఏ తేదీ వరకు, పోయిన నెల చలానాలో ఎంత. ముగింపు తేదీకి 90 రోజుల్లోపు ఉన్న పేరు ఏదైనా ఉంటే అదే రోజు పొడిగింపు దరఖాస్తు తయారుచేయండి.