జీపు కింద కిచకిచ, గేరు వేయగానే ‘టక్’: ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి గ్రీజు సరిగా పట్టించడం

పాత మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) నుంచి ముందుకొక ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక్కొక షాఫ్టు వెళ్తాయి. ఒక్కోదానికి రెండు చివర్లా క్రాస్ జాయింట్లు (షాఫ్టు వాలుగా ఉన్నా తిరిగేలా చేసే, నాలుగు చివర్లకు కప్పులున్న కీళ్లు), వాటి మధ్య జారే స్ప్లైన్ (షాఫ్టు పొడవు పెరిగి తగ్గేలా ఒకదానిలో ఒకటి జారే పళ్ల జోడు) ఉంటాయి. ఫ్రీ వీలింగ్ హబ్బులు (ముందు చక్రాలను షాఫ్టు నుంచి విడదీసేవి) లేని బండిలో టూ వీల్ డ్రైవ్‌లో నడిపినా ముందు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి దాన్ని వదిలేయకండి.

సమస్య: మెల్లగా వెళ్తుంటే కింద కిచకిచ, వేగం పెరిగేకొద్దీ గబగబా వస్తుంది.

కారణం: క్రాస్ కప్పుల్లోని సూది బేరింగులు ఎండిపోయాయి. మారేడుమిల్లి వైపు వాగులు దాటే బండ్లకీ, దమ్ము చేసిన మళ్లలో దిగే బండ్లకీ ఇది త్వరగా వస్తుంది. నీళ్లు సీలు దాటి లోపలికి పోతాయి. కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పరిష్కారం: ఇంజన్ ఆపి, చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. నిపుల్‌ని (గ్రీజు ఎక్కించే చిన్న మొన) గుడ్డతో శుభ్రంగా తుడవండి, లేకపోతే గ్రీజుతో పాటు ఇసుక కూడా లోపలికి పోతుంది. ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు చిక్కదనం కొలత) లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే) గ్రీజు వాడండి. గ్రీజు గన్‌ని నెమ్మదిగా నొక్కుతుంటే ముందు నల్లటి పాత గ్రీజు, ఒక్కోసారి తుప్పు నీళ్లు, తర్వాత కొత్త గ్రీజు వస్తాయి. చాలామంది ఒక కప్పు నుంచి గ్రీజు రాగానే ఆపేస్తారు. అది చాలదు, నాలుగు కప్పుల నుంచీ రావాలి. రాని కప్పు ఏదో, ముందుగా పోయేది ఆ కప్పే. షాఫ్టుని దానికి ఎదురు దిశలో గట్టిగా నెట్టి పట్టుకుని మళ్లీ పంపు చేయండి. నిపుల్ అందకపోతే బయటికొచ్చి, అడ్డు తీసి, బండిని కాస్త నెట్టించి, మళ్లీ అడ్డు పెట్టాకే కిందికి దూరండి. గ్రీజు అసలు ఎక్కకపోతే నిపుల్ మార్చి చూడండి.

సమస్య: రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చినప్పుడు ‘టక్’, లేదా బండి ఆగగానే వెనక నుంచి ఎవరో తన్నినట్టు.

కారణం: మొదటిదానికి తరచూ క్రాస్ అరుగుదలే కారణం, రెండోదానికి స్ప్లైన్ ఎండిపోవడం. క్రాస్‌కి అటూ ఇటూ ఉన్న యోకులను (క్రాస్‌ని పట్టుకునే కవల కొమ్ముల భాగాలు) రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. కొంచెం ఆడినా క్రాస్ మార్చాల్సిందే, అరిగిన బేరింగుని గ్రీజు బాగుచేయదు. క్రాస్ బిగువుగా ఉండి ‘టక్’ ఆగకపోతే డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల గుండు) మెకానిక్‌కి చూపించండి.

పరిష్కారం: స్ప్లైన్‌కి మాత్రం తక్కువ చాలు. సీలు దగ్గర గ్రీజు కనిపించగానే ఆపేయండి. కూరితే గుంతలో షాఫ్టు కుంచించుకోలేక ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగుల మీద ఒత్తిడి పడుతుంది. స్ప్లైన్ విడదీస్తే బాణం గుర్తులు ఎదురెదురుగా కలిసేలా బిగించండి, లేకపోతే బండి వణుకుతుంది.

నీళ్లలో దిగిన రోజు సాయంత్రమే గ్రీజు కొట్టండి, సర్వీసు దాకా ఆగొద్దు. నిపుల్ లేని సీల్డ్ క్రాస్‌కి గ్రీజు పట్టించే దారి లేదు, కిచకిచ మొదలైతే మార్చేయండి.