ఊరి లెక్కలు – 4వ పాఠం: ‘అవగాహన లేక’ అని రాసే ముందు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ ఊళ్లో ఆదాయాలు పెరగకుండా అడ్డుపడుతున్న సంస్థాగత కారణం ఒకటి పట్టుకుని పది వాక్యాల్లో రాయమన్నాను. వచ్చిన జవాబులన్నీ చదివాను. ఈసారి స్వయం సహాయక సంఘాల గురించి చెబుదామనుకున్నాను గానీ దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ముందు ఇది సరిచేసుకోకపోతే తర్వాత చెప్పేదేదీ నిలబడదు.

మొదటి పొరపాటు చిన్నది, అందులో నా వాటా కూడా ఉంది. నేను ‘సంస్థ’ అన్నాను, మీరు బోర్డు ఉన్నవన్నీ రాశారు: పంచాయతీ ఆఫీసు, సొసైటీ, బ్యాంకు, పాలకేంద్రం. 1993లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త డగ్లస్ నార్త్ లెక్కలో ఇవన్నీ ఆటగాళ్లు. మనం వెతకాల్సింది ఆట నియమాల్ని. చట్టమూ నియమమే, ఏ కాగితం మీదా లేని కట్టుబాటూ నియమమే. ఇకనుంచి ‘నియమం’ అనే అంటాను.

రెండోది నన్ను నిజంగా బాధపెట్టింది. సగానికి పైగా జవాబులు ఒకే మాట దగ్గర ఆగాయి: ‘అవగాహన లేకపోవడం’. ఆ మాట రాయగానే వెతకడం అయిపోతుంది. తప్పు ఎదుటి మనిషి మీదకు పోతుంది, నియమం మాత్రం కనపడకుండా ఉండిపోతుంది.

ఒక జవాబు తీసుకుందాం. “కౌలు రైతులు పశువుల ఎరువు వేయరు, పచ్చిరొట్ట పెంచరు, యూరియా చల్లి ఊరుకుంటారు. భూసారం మీద వాళ్లకు అవగాహన లేదు.” చూసింది నిజమే. చెప్పిన కారణమే తప్పు.

ఇలాంటి చోట నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ మనిషి మీరు చెప్పినట్టే చేస్తే, ఆ లాభం ఎవరికి, ఎప్పుడు అందుతుంది? చెరువు మట్టి తోలించినా, జీలుగ లాంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నినా ఫలితం ఒక్క పంటతో అయిపోదు, తర్వాతి పంటలకూ అందుతుంది. కౌలు మాట మాత్రం ఏడాదికే. వచ్చే వేసవికి ఆ పొలం ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. నేల బాగుపడిందని తెలిస్తే కౌలు ఇంకో రెండు బస్తాలు పెరగనూ వచ్చు. యూరియాకు పెట్టిన డబ్బు ఈ పంటలోనే తిరిగొస్తుంది. అతని లెక్కలో తప్పేమీ లేదు. అదే మనిషి తనకున్న అరెకరంలో ఏం వేస్తున్నాడో వెళ్లి చూడండి.

మరి కౌలు ఏడాదికే ఎందుకు, నోటిమాట మీదే ఎందుకు? ఇక్కడ మళ్లీ ‘యజమానులకు అవగాహన లేదు’ అని రాయకండి. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చిన కౌలు చట్టం రైతుకు రక్షణగా కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. తెలంగాణలో 1950 చట్టం కింద రక్షిత కౌలుదారులు ఆ తర్వాత భూమికి హక్కుదారులయ్యారు. యజమానుల ఇళ్లల్లో ఆ జ్ఞాపకం ఇప్పటికీ ఉంది. అందుకే సంతకం అడిగితే వెనకాడతారు. కౌలుదారును కాపాడాలని పెట్టిన నియమమే, భయం వల్ల, అతని పేరు కాగితం మీదకు రాకుండా చేసింది. కాగితం లేనప్పుడు మిగిలేది నమ్మకం. ఆ నమ్మకం చాలాచోట్ల చుట్టరికం, కులం గీతల దాకా వెళ్లి ఆగుతుంది. సేద్యం బాగా వచ్చినవాడికి కాకుండా తెలిసినవాడికి పొలం దక్కితే ఊరి దిగుబడి కూడా అక్కడే ఆగుతుంది.

ప్రభుత్వం దీన్ని చూడలేదని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టంతో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు వచ్చాయి. ఆంధ్రలో 2019 చట్టంతో 11 నెలల సాగుదారు హక్కు పత్రాలు వచ్చాయి, వాటికి యజమాని సంతకం కావాలని ఆ చట్టం పెట్టింది. కానీ 2018లో తెలంగాణలో పంట పెట్టుబడి సాయంగా రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవారికే, అంటే యజమానులకే వెళ్లింది.

కొన్నేళ్ల కిందట ఒక కౌలు రైతుతో కలిసి బ్యాంకుకు వెళ్లాను. ఆయన తన రుణ అర్హత కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని మళ్లీ చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకొచ్చాడు. మేనేజర్ మర్యాదగానే కూర్చోబెట్టి సర్వే నంబరు కొట్టి చూశారు. “ఈ నంబరు మీద ఓనర్ గారు క్రాప్ లోన్ ఆల్రెడీ తీసుకున్నారండీ. ఒకే పొలం మీద రెండు లోన్లు ఇవ్వలేం.”

“పంట వేసేది నేనేనండీ.”

“తెలుసండీ,” అన్నారు ఆయన.

ముగ్గురికీ అన్నీ తెలుసు. రైతు అక్కడి నుంచి నేరుగా ఎరువుల కొట్టుకు వెళ్లి అప్పు మీద బస్తాలు తీసుకున్నాడు. కోత అయ్యాక ధాన్యం ఆ కొట్టువారికే, వాళ్లు చెప్పిన రేటుకే వేయాలన్నది షరతు. ఇందులో అవగాహన లేనివారెవరో నాకు చూపించండి.

నియమం మారితే ఏమవుతుందో బెంగాల్లో చూడొచ్చు. 1978లో ఆపరేషన్ బర్గా పేరుతో అధికారులు ఊళ్లలో శిబిరాలు పెట్టి, పాలుకు చేసేవారి, అంటే పంటలో వాటా ఇచ్చి సాగు చేసేవారి, పేర్లు రికార్డుకెక్కించారు. వాటా సరిగ్గా ఇస్తున్నంత కాలం పొలం నుంచి తీసేయడానికి వీల్లేదు. దానివల్ల దిగుబడి పెరిగిందని అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ 2002లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది.

అలాగని చట్టం రాగానే పని అయిపోతుందనీ అనుకోకండి. హిందూ కుటుంబాల్లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. అయినా ‘కట్నం ఇచ్చాం కదమ్మా’ అన్న ఒక్క మాటతో సంతకం పెట్టించుకునే ఇళ్లు మీకూ తెలుసు. అక్కడ కట్టుబాటు చట్టాన్ని మించింది. దీని మీద విడిగా ఒక పాఠం రాస్తాను.

ఈసారి పని కొంచెం పెద్దదే. మీకు దగ్గరలో ఒక్క ఎకరం ఎంచుకోండి. భూమి హక్కుల రికార్డైన 1బిలో ఎవరి పేరుందో, సాగు వివరాల రికార్డైన అడంగల్లో లేదా పహాణీలో ఎవరి పేరుందో, విత్తనం వేసింది ఎవరో, పంట పోతే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో కనుక్కోండి. పేర్లు వేర్వేరుగా వస్తే కౌలు రైతుతోనూ యజమానితోనూ విడివిడిగా మాట్లాడండి. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఫోన్ చేయండి. సంతకం ఎందుకు పెట్టరో ఆయన మాటల్లోనే రాసుకోండి, మధ్యలో వాదించకండి. కోతలయ్యాక అదే పొలానికి మళ్లీ వెళ్లి ధాన్యం ఎవరు కొన్నారో, బస్తా ఎంతకు కొన్నారో అడగండి. రెండు పేజీలు చాలు. ‘అవగాహన’ అన్న మాట వాడకుండా రాయండి.