మైక్రోసాఫ్ట్ 365: అందరికీ ఒకే ప్లాన్ అక్కర్లేదు

ఆఫీసులో అందరికీ బిజినెస్ స్టాండర్డ్ కొనేయకండి. ఒకే సంస్థ అకౌంట్‌లో వేర్వేరు ప్లాన్లు కలిపి వాడుకోవచ్చు. మెయిల్, మీటింగులు, అప్పుడప్పుడూ ఓ ఫైలు సరిదిద్దడం, ఇంతే పనైతే బిజినెస్ బేసిక్ ప్లాన్ చాలు. అందులో వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ మాత్రమే వస్తాయి. బ్రౌజర్ ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలు (పదేపదే చేసే పనుల్ని వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) నడవవు కాబట్టి, అవి వాడుతూ లెక్కలు చూసేవాళ్లకి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఎక్సెల్ ఉండే స్టాండర్డ్ తప్పదు.

సేల్స్, సపోర్ట్ లాంటి ఉమ్మడి మెయిల్ ఐడీలకి విడిగా లైసెన్సు కొనడం శుద్ధ దండగ. షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (పలువురు తమ అకౌంట్లతోనే తెరిచే ఉమ్మడి మెయిల్‌బాక్స్) పెడితే 50 జీబీ వరకు లైసెన్సు అక్కర్లేదు. తెరిచేవాళ్లకి ఉంటే చాలు.

ఏడాది ఒప్పందం చౌకే. కానీ మొదటి 7 రోజులు దాటాక, రెన్యువల్ దాకా సీట్లు (కొన్న లైసెన్సుల సంఖ్య) తగ్గించలేరు. వచ్చిపోయే సిబ్బందికి కాస్త ఎక్కువైనా నెలవారీదే తీసుకోండి.