ఆదివారం లాంగ్ రన్: 14 కిలోమీటర్లు, కబుర్లు చెప్పుకుంటూ

గ్రూపుతో లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు) చెడిందంటే పేస్ దగ్గరే, అంటే కిలోమీటరుకి పట్టే సమయం దగ్గరే చెడుతుంది. మొదటి రెండు కిలోమీటర్లు అందరూ బుద్ధిగానే ఉంటారు. మూడోదాంట్లో ఒకరు అరడుగు ముందుకేస్తారు, పక్కనున్నవాళ్లు తగ్గరు, ఐదో కిలోమీటరుకల్లా అది రేసైపోతుంది. అందుకే బయల్దేరేముందే పేస్ పైకి చెప్పేసుకోవాలి.

10 కి.మీ. గంటలో పూర్తిచేసేవాళ్లకి ఈజీ పేస్ అంటే కిలోమీటరుకి 7:00 నుంచి 7:30 నిమిషాలు. వాచీ కన్నా నోటిని నమ్మండి. ఫ్లైఓవర్ కిందకి వెళ్తే జీపీఎస్ తిక్క లెక్కలు చెబుతుంది, నోరు చెప్పదు. ముందురోజు చూసిన సినిమా కథ పక్కవాళ్లకి చెప్పుకుంటూ పోగలగాలి. రెండు మాటలకోసారి రొప్పుతుంటే తగ్గించాల్సిందే.

వారం మొత్తం 40 కి.మీ. పరుగెత్తేవాళ్లకి లాంగ్ రన్ 12-14 కి.మీ. చాలు. వారానికి కిలోమీటరు, మహా అయితే ఒకటిన్నర పెంచండి. నాలుగో వారం పావువంతు తగ్గించండి.

హైదరాబాద్‌లో చదునైన 14 కి.మీ. దొరకడం కష్టం. ఆగస్టులో జరిగే మారథాన్‌లోనూ ఫ్లైఓవర్లు తప్పవు కాబట్టి ఎత్తులు తప్పించుకోనక్కర్లేదు. కానీ ఎక్కేటప్పుడు పేస్ పట్టుకు వేలాడొద్దు. 7:15 కాస్తా 7:50 అయినా పర్లేదు, అడుగు చిన్నది చేసుకోండి. పోయిన సమయాన్ని దిగుడులో రాబట్టుకుందామనుకుంటే తొడల ముందు కండరాలు దెబ్బతింటాయి. ఆ సంగతి సోమవారం మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

పేస్‌ని బట్టి ఎనిమిది పదిమంది చొప్పున విడిపోండి. ముందు పేస్ పట్టి నడిపించే పేసర్ ఒకరు, అందరికన్నా వెనక వచ్చే స్వీపర్ ఒకరు. స్వీపర్‌గా దారి బాగా తెలిసినవాళ్లే ఉండాలి. ఫోను, కాస్త డబ్బు వాళ్ల దగ్గరుండాలి. ముందువాళ్లు ఎక్కువ దూరం పోతే నిలబడి ఎదురుచూడకుండా, వెనక్కి తిరిగొచ్చి చివరివాళ్లని కలుపుకుని మళ్లీ సాగాలి. ఫుట్‌పాత్ లేనిచోట రోడ్డుకి కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా, ఇద్దరిద్దరుగా పరుగెత్తండి. కుక్కలు వెంటపడితే పరుగాపి, అందరూ దగ్గరకి చేరి నడవండి. కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకి వెళ్లాలి.

ప్రతి 4-5 కిలోమీటర్లకి ఒక నీళ్ల స్టాప్. పదిమందికి కారు డిక్కీలో 20 లీటర్ల క్యాను ఒకటి పెడితే మిగులుతుంది కూడా. దాహమేసినంత తాగండి, కడుపు ఊగేలా ఉత్త నీళ్లే పట్టిస్తే ఒంట్లో సోడియం పలచబడుతుంది. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. తొందరలో సగం బాటిల్‌లో ప్యాకెట్ మొత్తం కుమ్మరిస్తారు, ఆ చిక్కదనానికి కడుపులో తిప్పుతుంది. స్టాప్ దగ్గర రెండు నిమిషాలు మించి నిలబడితే పిక్కలు బిగుసుకుంటాయి. కదిలేటప్పుడు యాభై అడుగులు నడిచి, ఆ తర్వాతే పరుగు. పేస్ గాడి తప్పేది కూడా ఎక్కువగా ఇక్కడే, నీళ్లు తాగిన హుషారులో.

బయల్దేరే ముప్పావు గంట ముందు ఒక అరటిపండు చాలు. 14 కి.మీ. అంటే 7:15 చొప్పున గంటా నలభై నిమిషాలు, కాబట్టి గంట దాటాక రెండు ఖర్జూరాలు వేసుకోండి. వేరుశనగ చిక్కీ జేబులో పెట్టుకొస్తారు గానీ, అందులో నూనె ఎక్కువ, త్వరగా అరగదు. తొడల మధ్య, చంకల్లో వాసెలిన్ ముందే రాయండి. కాటన్ సాక్సులు చెమటకి తడిసి బొబ్బలెక్కిస్తాయి, అవి ఆఫీసుకి ఉంచుకోండి.

అయిపోయాక పది నిమిషాలు నడిచి, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయండి. స్వీపర్ వచ్చి తలలు లెక్కపెట్టేదాకా ఎవరూ టిఫిన్‌కి కదలొద్దు.