యుద్ధం నడుస్తుండగా ప్రభుత్వాన్ని ప్రశ్నించాలంటే ఎలా రాయాలి, ఎలా వాదించాలి

2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రోజులూ గుర్తున్నాయి కదా. పహల్గామ్‌లో 26 మందిని చంపిన చోట సెక్యూరిటీ ఎందుకు లేదు అని ఎవరైనా ఒక్క ముక్క రాస్తే చాలు, కింద వరసపెట్టి "ఇప్పుడా అడిగేది", "అసలు నువ్వు ఏ దేశపోడివి" అని కామెంట్లు. అడిగినవాళ్ళలో కూడా కొంతమంది తక్కువేం తినలేదు, ప్రభుత్వం మీద కోపంతో ఆర్మీని వెటకారం చేసినోళ్ళున్నారు, ఎక్కడివో తెలీని వీడియోలు చూసీచూడగానే షేర్ చేసేసినోళ్ళున్నారు. దాంతో అసలు ప్రశ్న మూలన పడిపోయి బంధువుల మధ్య, ఫ్రెండ్స్ మధ్య మనస్పర్థలు మిగిలాయి.

యుద్ధాన్ని ప్రభుత్వం ఎలా నడుపుతోందో అడిగే హక్కు యుద్ధం మధ్యలో కూడా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంకా చెప్పాలంటే అప్పుడే ఎక్కువ అవసరం, ఎందుకంటే పైన కూర్చున్నవాళ్ళు తప్పు నిర్ణయం తీసుకుంటే ప్రాణాలు పోయేది సరిహద్దులో ఉన్న కుర్రాళ్ళవి. కాకపోతే అడగడానికి ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే మీ ప్రశ్నని ఎవరూ అంత తేలిగ్గా పక్కకి తొయ్యలేరు.

ముందు 1962 గురించి చదువుకోండి

"యుద్ధం అయ్యాక అడుగుదాంలే" అనేవాళ్ళకి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది, సరిహద్దులోని నామ్కా చూ నది దగ్గర మన బ్రిగేడ్ చెల్లాచెదురైపోయింది, చలికి సరైన బట్టలు లేకుండా, చాలినంత మందుగుండు లేకుండా జవాన్లని ఆ ఎత్తుకి పంపారన్న సంగతి జనానికి తెలిసిపోయింది. అప్పటికి వాజ్‌పేయికి 37 ఏళ్ళు, రాజ్యసభ మెంబరు, ఆయన పార్టీ జనసంఘ్‌కి (ఇప్పటి బీజేపీకి ముందున్నది) లోక్‌సభలో ఉన్నవి 14 సీట్లు. ఆయన వెళ్ళి పార్లమెంట్ సమావేశాలు ముందుకి జరపమని నెహ్రూని అడిగితే నెహ్రూ సరేనన్నారు, నవంబర్ 8నే సభ మొదలుపెట్టారు, రహస్యంగా పెడదామని సలహా వస్తే అదీ వద్దన్నారు. 14వ తారీఖు దాకా చర్చ నడిచింది, లోక్‌సభలో 160 మందికి పైగా మాట్లాడారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌ని తీసెయ్యమని గట్టిగా పట్టుబట్టింది ప్రతిపక్షం ఒక్కటే కాదండి, కాంగ్రెస్ ఎంపీలు కూడా. అక్టోబర్ 31న ఆయన చేతిలోంచి రక్షణ శాఖ పోయింది, నవంబర్ 7కల్లా మంత్రి పదవే పోయింది. ఇక చైనా కాల్పుల విరమణ ప్రకటించింది ఎప్పుడంటే నవంబర్ 21న. మొత్తం ఇదంతా యుద్ధం మధ్యలో జరిగిందే, దాని వల్ల దేశం ఏమీ కూలిపోలేదు.

అయితే ఈ కథలో సగమే చెప్పి ఊరుకోవద్దు, అవతలివాళ్ళు రెండో సగం తీస్తే మీకు నోట మాట రాదు. అక్టోబర్ 26నే ఎమర్జెన్సీ పెట్టారు, డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద కమ్యూనిస్టు నాయకుల్ని చాలామందిని విచారణ లేకుండా జైల్లో వేశారు, అందులో మన పుచ్చలపల్లి సుందరయ్య గారు కూడా ఉన్నారు. చైనా మీద ఏ మాట మాట్లాడాలన్న గొడవ కమ్యూనిస్టు పార్టీని లోపల్నుంచి ఇంకా చీల్చింది, 1964 జులైలో ఒక వర్గం తెనాలిలో విడిగా మహాసభ పెట్టుకునేదాకా వెళ్ళింది. యుద్ధం నెల రోజుల్లో ముగిసినా ఆ ఎమర్జెన్సీ మాత్రం 1968 జనవరి దాకా ఎత్తెయ్యలేదు. పార్లమెంట్ లోపల ప్రధానిని నిలదీస్తున్న అదే నెలలో బయట మనుషుల్ని లోపలేస్తున్నారు, రెండూ నిజమే, వాదించేటప్పుడు రెండూ చెప్పండి.

మీ ప్రశ్న ఎవరికో మొదటి లైన్లోనే తేల్చెయ్యండి

నూటికి తొంభై గొడవలు ఇక్కడే మొదలవుతాయి. నిర్ణయం తీసుకున్నవాళ్ళు వేరు, దాన్ని అమలు చేసినవాళ్ళు వేరు. "జెట్లు పోగొట్టుకుని అబద్ధాలు చెప్తున్నారు, ఇదేం ఆర్మీ" అని రాశారనుకోండి, చదివేవాడు పైలట్ల వైపు నిలబడతాడు, మీ మాట అక్కడితో సరి. అదే విషయం ఇలా రాసి చూడండి: "మే 31న సింగపూర్‌లో సీడీఎస్ (త్రివిధ దళాధిపతి) అనిల్ చౌహాన్ గారే విమానాలు పోయాయని ఒప్పుకున్నారు, ఎందుకు పడ్డాయన్నది ముఖ్యం, దాన్ని సరిచేసుకుని మళ్ళీ వెళ్ళామన్నారు. అంత పెద్ద అధికారి ఓపెన్‌గా చెప్పగలిగిన సంగతి ప్రభుత్వం ముందే దేశంలో మనకి ఇంత స్పష్టంగా ఎందుకు చెప్పలేదు?" ఇందులో తిట్టు లేదు, సైన్యాన్ని అన్నది ఒక్క ముక్క లేదు, ఎవరు ఎప్పుడు ఎక్కడ అన్నారో ఉంది, జవాబు చెప్పాల్సింది ఎవరో ఉంది. ఎవరైనా మీతో పోట్లాడాలన్నా ఆ ప్రశ్న మీదే పోట్లాడాలి.

చనిపోయిన జవాను పేరు మాత్రం మీ వాదన కోసం వాడకండి. ఆ మేలోనే శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దు కాల్పుల్లో పోయాడు, 2020లో గల్వాన్‌లో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు. వాళ్ళ ఫొటో పెట్టి ప్రభుత్వాన్ని తిట్టేవాళ్ళూ, అదే ఫొటో పెట్టి ప్రశ్న అడిగినవాడి నోరు మూయించేవాళ్ళూ ఇద్దరూ చేసేది ఒకటే పని, ఆ ఇంట్లోవాళ్ళని అడక్కుండా వాళ్ళ దుఃఖాన్ని వాడుకోవడం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, ఇంటింటికీ ఒకరు సైన్యంలో పనిచేసిన ఊరు, మీ పోస్ట్ అలాంటి ఊళ్ళో ఒక అమ్మ చదువుతుందనుకుని రాయండి, మాట దానంతటదే అదుపులోకి వస్తుంది.

రాసే ముందు ఒక రాత్రి ఆగండి

మే 8 రాత్రి దేశంలో చాలా టీవీ ఛానెళ్ళు కరాచీ పోర్టు తగలబడిపోయిందని, ఇస్లామాబాద్ దాకా వెళ్ళిపోయామని అరిచాయి, తెల్లారేసరికి అదంతా ఉత్తిదని తేలింది. అటువైపు నుంచి వచ్చే పుకార్లు కూడా అంతే. యుద్ధం మొదటి రోజుల్లో వచ్చే వీడియోల్లో పాతవి, వేరే దేశానివి, వీడియో గేముల్లోవి కూడా ఉంటాయి కాబట్టి మీ ప్రశ్న ఒక వీడియో మీద ఆధారపడి ఉంటే ఆ ప్రశ్న వద్దు. అఫీషియల్ బ్రీఫింగ్‌లో ఏం చెప్పారో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకి కాల్పుల విరమణ సంగతి మన ప్రభుత్వం కన్నా ముందు అమెరికా అధ్యక్షుడు ఎందుకు చెప్పాడన్నది న్యాయమైన ప్రశ్నే, కానీ అడిగేటప్పుడు విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ చెప్పింది కూడా పక్కనే పెట్టాలి: పాకిస్తాన్ డీజీఎంవో (సైనిక ఆపరేషన్ల డైరెక్టర్ జనరల్) మధ్యాహ్నం 3:35కి ఫోన్ చేశారు, సాయంత్రం 5 నుంచి ఆపుదామని ఇద్దరూ అనుకున్నారు అని. ప్రభుత్వం ఇచ్చిన జవాబు ముందు రాసి, అందులో ఇంకా ఏం తేలలేదో తర్వాత అడిగితే ఆ ప్రశ్నకి బరువొస్తుంది. ఆ మిస్రీ గారినీ, ఆయన కుటుంబాన్నీ విరమణ ప్రకటించినందుకు ఎంత నీచంగా తిట్టారంటే ఆయన తన అకౌంట్‌ని లాక్ చేసుకోవాల్సొచ్చింది, నిర్ణయం చదివి వినిపించిన అధికారిని తిట్టడం విమర్శ కాదు.

ఇంకోటి, ఇది మాత్రం ఖచ్చితంగా పాటించండి: రైల్లో వెళ్తున్న ట్యాంకులు, ఊరి మీదుగా పోయే విమానాలు, ఎయిర్‌బేస్ దగ్గర ఏం కనపడింది, మీ తమ్ముడి యూనిట్ ఎక్కడికి కదిలింది, ఇవేవీ ఎక్కడా పెట్టకండి. 2025 ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ సైనిక కదలికల్ని లైవ్‌లో చూపించొద్దని మీడియాకి, సోషల్ మీడియా వాడేవాళ్ళకి కూడా చెప్పింది, అందులో తప్పేం లేదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి ఆ సమాచారంతో మీకు పనే లేదు.

చట్టం ఏమంటుందో కొంచెం

పాత ఐపీసీలోని 124ఏ రాజద్రోహం సెక్షన్‌ని 2022 మే 11న సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకి ముప్పు తెచ్చే పనుల మీద 152 సెక్షన్ ఉంది, యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. కానీ ప్రభుత్వ చర్యలు నచ్చలేదని చెప్పడం, చట్టబద్ధంగా వాటిని మార్పించాలని విమర్శించడం నేరం కాదన్న వివరణ ఆ సెక్షన్లోనే ఉంది. 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎంత ఘాటుగా విమర్శించినా హింసకి ఉసిగొల్పనంత వరకు రాజద్రోహం కాదని చెప్పింది. అలాగని ధీమా పడిపోవద్దు, 2025 మే 18న ఢిల్లీలో ఉంటున్న ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్‌ని సిందూర్ మీద పెట్టిన పోస్టులకి హర్యానా పోలీసులు అరెస్ట్ చేశారు, మూడు రోజులకి సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. అందుకే చెప్పేది, ఇంకో మతాన్నో ప్రాంతాన్నో లాగకుండా, మీకు ఖాయంగా తెలిసిందే రాసి, పోస్ట్ స్క్రీన్‌షాట్ టైమ్‌తో సహా దాచుకోండి, ఎవరైనా మీ మాటల్ని కత్తిరించి తిప్పితే అసలు ఏం రాశారో చూపించొచ్చు.

"ఇప్పుడా అడిగేది?" అంటే ఏం చెప్పాలి

కోప్పడకండి, ఆ మాట అనేవాళ్ళలో నిజంగా భయపడి అనేవాళ్ళు చాలామంది ఉంటారు. మీ బాబాయ్ రిటైర్డ్ సుబేదార్ అనుకోండి, ఫ్యామిలీ గ్రూపులో "రేయ్, అక్కడ బోర్డర్లో పిల్లలు చస్తుంటే నీకు రాజకీయాలు కావాల్సొచ్చాయా" అన్నాడనుకోండి. "బాబాయ్, నేను ఆపరేషన్ గురించి అడగట్లేదు, అది తెలిసినవాళ్ళు మీరే. బోర్డర్ ఊళ్ళలో జనాన్ని ఖాళీ చేయించారా, బంకర్లు ఉన్నాయా, అక్కడ చదువుకునే మన పిల్లల్ని ఎలా వెనక్కి తెస్తున్నారు అంటున్నా, అది ఇవాళ అడక్కపోతే రేపు అడిగి లాభమేంటి చెప్పు" అనండి. ఇలా అంటే చాలాసార్లు ఆయనే మీ తరఫున మాట్లాడతాడు, ఎందుకంటే రేషన్ సరిగ్గా రాకపోవడం, సామాన్లు లేకపోవడం ఆయన కళ్ళారా చూసినవాడు.

వెంటనే అడగాల్సినవి, తర్వాత అడగాల్సినవి విడగొట్టుకోవడం ఇందులో సగం పని. జనం భద్రత, సాయం, నష్టపరిహారం, అబద్ధపు వార్తల్ని ప్రభుత్వం ఎందుకు ఖండించట్లేదు, పార్లమెంట్‌ని ఎప్పుడు పిలుస్తారు, ఇవి అదే రోజు అడగొచ్చు. ఇంటెలిజెన్స్ ఎక్కడ దెబ్బతింది, ఏ ఆయుధం పనిచెయ్యలేదు, ఎవరు ఆలస్యం చేశారు, వీటికి యుద్ధం మధ్యలో జవాబు రాదు, రాకూడదు కూడా. అయితే వీటికి విచారణ వేస్తామని మాట ఇవ్వండి అని మాత్రం ఇప్పుడే అడగాలి. కార్గిల్‌లో 527 మంది జవాన్లు పోయారు, చొరబాటుని ముందే ఎందుకు పసిగట్టలేదని అప్పట్లో గట్టిగానే అడిగారు, 1999 జులై 26న యుద్ధం ముగిస్తే 29నే రక్షణ వ్యవహారాల నిపుణుడు కె.సుబ్రహ్మణ్యం గారి కమిటీ వేశారు, 2000 ఫిబ్రవరిలో రిపోర్టు కొన్ని భాగాలు తీసేసి పార్లమెంట్ ముందు పెట్టారు. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లోంచే డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, సాంకేతిక నిఘా సంస్థ ఎన్‌టీఆర్ఓ, చివరికి 2019 డిసెంబర్‌లో సీడీఎస్ పదవి వచ్చాయి. అడగడం వల్ల సైన్యానికి మేలు జరిగిందని చెప్పడానికి ఇది చాలు.

మీరే ప్రభుత్వం వైపు ఉంటే

మీకూ ఒక మాట. అవతలివాడు అడిగింది తప్పనిపిస్తే వాడి దేశభక్తి జోలికి వెళ్ళకుండా ఆ ప్రశ్నలో ఏది తప్పో చెప్పండి, మీ దగ్గర జవాబుంటే పెట్టండి, లేకపోతే "ఇది నాకూ తెలీదు, ప్రభుత్వం చెప్పాలి" అనండి. ఇవాళ మీకు నచ్చిన పార్టీ అధికారంలో ఉంది, రేపు ఇంకో పార్టీ ఉన్నప్పుడు యుద్ధం వస్తే ఇవే ప్రశ్నలు మీరు అడుగుతారు. 1962లో అడిగిన జనసంఘ్ నాయకుడు వాజ్‌పేయే 1999లో ప్రధాని, లోక్‌సభ రద్దయిపోయింది కాబట్టి రాజ్యసభని ప్రత్యేకంగా పిలవండని ప్రతిపక్షం అడిగితే అప్పుడు ఆయన ప్రభుత్వం పిలవలేదు. 2025 మేలోనూ ప్రత్యేక సమావేశం పెట్టమంటే పెట్టలేదు, చర్చ జులై 28న వర్షాకాల సమావేశాల్లో మొదలైంది.

పోస్ట్ పెట్టి ఊరుకోకండి

లైకులు లెక్కపెట్టుకోవడంతో ఏమీ రాదు. మీ ఎంపీకి ఒక పేజీ మించకుండా లెటర్ రాయండి, ఒకే ప్రశ్న, తారీఖుతో సహా, "ఈ ప్రశ్న రక్షణ శాఖని సభలో అడగండి" అని. మంత్రిత్వ శాఖలు ఇచ్చిన జవాబులు పార్లమెంట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, కాబట్టి మీ ప్రశ్న ఇదివరకే ఎవరన్నా అడిగారేమో ముందు వెతకండి. రక్షణ శాఖ స్థాయీ సంఘం రిపోర్టులు, కాగ్ రిపోర్టులు కూడా అక్కడక్కడ బోలెడంత చెప్తాయి, ఓపిగ్గా తిప్పాలంతే. ఆర్టీఐలో 8(1)(ఎ) కింద దేశ భద్రత విషయాలు ఇవ్వరు, కానీ నష్టపరిహారం ఎంతమందికి అందింది, బంకర్లకి ఎంత మంజూరైంది ఎంత ఖర్చు పెట్టారు లాంటివి అడగొచ్చు.

ఒకసారి అడిగి వదిలెయ్యకుండా తారీఖులతో ఒక నోట్ పెట్టుకోండి, ప్రతి సెషన్ ముందు మళ్ళీ లెటర్ రాయండి. 1962 ఓటమి మీద సైన్యాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ విచారణ చేసి ఇచ్చిన రిపోర్టు 1963 నుంచి రక్షణ శాఖ దగ్గరే ఉంది, ఆ తర్వాత ఎన్ని పార్టీలు అధికారంలోకి వచ్చినా ఏ ఒక్క ప్రభుత్వమూ దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు. మీ ఎంపీకి రాసే మొదటి లెటర్‌కి ఏ ప్రశ్న తోచకపోతే దీంతో మొదలుపెట్టండి.